‘చివరకు మిగిలేది’లో పాత్రల్ని ప్రతీకలుగా చదవడం ఎలా

బుచ్చిబాబు నవల మొదటిసారి కథ కోసమే చదవండి, పెన్సిలు పట్టుకోకుండా. ప్రతీకల వెతుకులాట రెండోసారికి ఉంచండి. ఇందులోని ఆడవాళ్లకి, కోమలి అంటే సౌందర్యం, అమృతం అంటే ఆప్యాయత అని ముందే చీటీలు అంటిస్తే ఇక వాళ్లు మనుషుల్లా కనిపించరు.

రెండోసారి ఒక నోటుపుస్తకం పెట్టుకుని పాత్రకి రెండు పేజీలు వదలండి. మూడు గళ్లు చాలు: పేజీ నంబరు, ఆ మనిషి వచ్చినప్పుడు పక్కన ఏముంది (వస్తువు, వేళ, చోటు), ఆ దృశ్యాన్ని చూస్తున్నది ఎవరు. మూడో గడిని ఎక్కువమంది వదిలేస్తారు, అక్కడే పొరపాటు మొదలవుతుంది. ఈ నవల చాలా మటుకు కథానాయకుడు, డాక్టరు దయానిధి మనసులోంచే నడుస్తుంది. కోమలి గురించి మనకు తెలిసింది ఎక్కువగా అతనికి కనిపించిన కోమలి. ప్రతీక ఆమెలో ఉందా, అతని కోరికలో ఉందా అన్నది ఆ గడే చెబుతుంది.

ఒక వస్తువుని ప్రతీక అనాలంటే అది ఒకే పాత్ర పక్కన మూడుసార్లైనా రావాలి, అందులో ఒకటి కథ మలుపు తిరిగే చోట ఉండాలి. ఒకసారి కనబడి పోయినదాన్ని వదిలేయండి.

దయానిధి తల్లికి వేరే పద్ధతి కావాలి. ఆమె మీద పడ్డ నింద నవల పొడుగునా కొడుకుని వెంటాడుతుంది. కాబట్టి ఆమె మాట ఎవరు ఎత్తారు, ఏ గొంతుతో ఎత్తారు, అప్పుడు అతను ఏం చేశాడు అన్నది రాసుకోండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. ‘దయానిధి’ని దయకు నిధి అని విడదీసి ఊరుకుంటే సరిపోదు. అతని పనులు ఆ పేరుకి నిలుస్తున్నాయా, ఎదురు తిరుగుతున్నాయా చూడాలి.

వజ్రం దగ్గర మన సీమ పాఠకులకి ఒక మేలుంది. దయానిధికి వజ్రం దొరికేది అనంతపురం జిల్లా వజ్రకరూరులో. అక్కడా, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కలా తొలకరి పడగానే జనం చేలల్లో వంగి రాళ్లు ఏరడం ఇప్పటికీ ఉంది. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలుతుంది. ఎంతమంది వెతికినా దొరికేది ఏ ఒక్కరికో. దీన్ని ‘వజ్రం అంటే ఐశ్వర్యం’ అని తేల్చేస్తే ఆ భాగం చప్పబడిపోతుంది. చెమటతో కాక అదృష్టంతో వచ్చిన సొమ్ముతో ఆసుపత్రి కట్టిన డాక్టరుని ఊరు ఏ కంటితో చూస్తుంది? ఆ ప్రశ్న పట్టుకుని చివరి భాగాలు చదవండి.

ఇక నిర్ణయం రాయండి, సమానం గుర్తుతో కాదు, క్రియ ఉన్న వాక్యంతో: ‘లోకం తనకివ్వని ప్రేమను దయానిధి కోమలిలో వెతుక్కుంటాడు.’ వెంటనే దానికి అడ్డం తగిలే రెండు సన్నివేశాలు వెతకండి. దొరికితే మార్చాల్సింది వాక్యాన్నే, సన్నివేశాన్ని దాటేయకూడదు. అసలేమీ దొరక్కపోతే ఆ పాత్ర ఉన్న పేజీలు ఇంకోసారి చదవండి.

ప్రతి పాత్రకీ ప్రతీక ఉండాలని లేదు. రెండు పేజీలూ ఖాళీగా మిగిలిన పాత్రని మనిషిగానే వదిలేయండి.