పంటు ఆగినా ట్యాలీ ఆగదు

నేనుండేది సఖినేటిపల్లిలో, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసేది నరసాపురంలో ఒక లేసు ఎగుమతుల ఆఫీసుకి. మధ్యలో వశిష్ఠ గోదావరి. పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కితే మాధవాయిపాలెం రేవులో దిగిపోవచ్చు. ఎర్రనీరు పోటెత్తితే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. 2022 జూలై వరదకి అసలు ఇల్లే కదల్లేకపోయాను. 20వ తారీఖుకి జీఎస్టీ 3బి (నెలవారీ పన్ను రిటర్న్) వెయ్యాలి, డేటా అంతా ఆఫీసు కంప్యూటర్లో. అక్కడి కుర్రాడి చేత ఫోన్లో ఒక్కో అంకె చదివించుకున్నాను. "ఇది డెబిట్టాండి, క్రెడిట్టాండి?" అని ఎన్నిసార్లు అడిగాడో!

డేటా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చుగా అంటారు. అదీ చేశాను. ఇంట్లో నేను నాలుగు ఓచర్లు, ఆఫీసులో వాడు ఆరు ఎక్కించాం. రెండు పుస్తకాలు తయారయ్యాయి, కలపడానికి ఒక ఆదివారం పోయింది.

చివరికి, ఇంట్లోంచే ఆఫీసు కంప్యూటర్‌ని నడిపించే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టాను. ఉచితం. ఆఫీసు కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, ఆఫీసు పనికని విడిగా తీసిన జీమెయిల్‌తో లాగిన్ అయి, రిమోట్‌డెస్క్‌టాప్ డాట్ గూగుల్ డాట్ కామ్‌కి వెళ్లండి. రిమోట్ యాక్సెస్ దగ్గర డౌన్‌లోడ్ నొక్కి ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌కి ఒక పేరు, కనీసం 6 అంకెల పిన్ ఇవ్వండి. ఇంట్లో అదే జీమెయిల్‌తో అదే సైటు తెరిస్తే ఆ పేరు కనబడుతుంది. నొక్కి పిన్ కొడితే ఆఫీసు తెర మీ ముందుంటుంది. జీమెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పకుండా పెట్టుకోండి. విండోస్‌లో సొంత రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కానీ, హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి దాంతో వెళ్లలేం, ప్రో ఉండాలి. దానికోసం రూటర్‌లో 3389 పోర్టు (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికొచ్చే దారి) తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దొంగలు ముందు తట్టే తలుపు అదే.

ఇదంతా పావుగంట పని. అసలు తిప్పలు అవతలి కంప్యూటర్‌ని మేలుకొని ఉంచడంలోనే. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని నెవర్ చేయండి. మానిటర్ ఆపేసుకోవచ్చు. వానాకాలం మా వైపు కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కాబట్టి, బయోస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగులు) వెళ్లి కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టాలి. ఒక్కో బోర్డులో ఒక్కో పేరుంటుంది, నాకు 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అని కనబడింది. రూటర్‌ని కూడా ఇన్వర్టర్ లైను మీదకి మార్పించాను. ఇంత చేసినా మొదటి శనివారమే కనెక్ట్ కాలేదు. ఊడ్చే ఆవిడ వెళ్తూ వెళ్తూ గోడ దగ్గర స్విచ్ కట్టేసింది, పాపం కరెంటు ఆదా చేద్దామని. ఇప్పుడు ఆ స్విచ్ మీద ప్లాస్టర్ అంటించి ఉంది.

ట్యాలీ వాళ్లకి ఇంకోటి. కాలిక్యులేటర్‌కని కంట్రోల్ ఎన్ కొడితే ఇంట్లో క్రోమ్ కొత్త విండో తెరుచుకుంటుంది. ఫుల్‌స్క్రీన్‌లో పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

బ్యాంకు నుంచనో, కరెంటు ఆఫీసు నుంచనో ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేసుకోమంటే మాత్రం వెంటనే ఫోన్ కట్ చేసేయండి. ఎనీడెస్క్ అనే ఇలాంటి యాప్‌తో జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ప్రింట్ కొట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. కాగితం వచ్చేది అక్కడ. ఒక రాత్రి లెడ్జర్ రావట్లేదని మూడుసార్లు నొక్కాను. పొద్దున్నే ఓనరు గారి ఫోను: "రాత్రి ఆఫీసుకి ఎవరొచ్చారండి, నేలంతా కాగితాలే!" అప్పట్నుంచి పీడీఎఫ్ చేసి, పక్కనుండే మెనూలో డౌన్‌లోడ్ ఫైల్ నొక్కి ఇంటికి తెచ్చుకుంటున్నాను.