సిడ్నీ–హోబార్ట్ యాట్ రేసులో క్రూగా చేరడం ఎలా?

డిసెంబర్ 26 మధ్యాహ్నం ఒంటి గంటకు సిడ్నీ హార్బర్‌లో ఫిరంగి మోగుతుంది. అక్కడి నుంచి ఆస్ట్రేలియా దక్షిణ కొసన ఉన్న టాస్మానియా దీవిలోని హోబార్ట్ దాకా 628 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 1,163 కిలోమీటర్లు, తెరచాపల మీదే వెళ్లాలి. 1945లో తొమ్మిది పడవలతో మొదలైన రేసు ఇది. ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు వచ్చే సందేహం ఒకటే: ఇందులో ఎక్కాలంటే బోలెడు డబ్బుండాలా, చిన్నప్పటి నుంచి సెయిలింగ్ నేర్చుకుని ఉండాలా?

రెండూ అక్కర్లేదు. పడవ ఖర్చు ఓనర్‌ది. నలభై అడుగుల పడవను రేసులో నడపాలంటే ఆయనకు ఎనిమిది, పది మంది సిబ్బంది, అంటే క్రూ, కావాలి. చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి, ఏడాది పొడవునా వచ్చే మనుషులు దొరకడం ఆయనకు అన్నిటికంటే పెద్ద కష్టం. మీరు అలాంటి మనిషైతే తాళ్లూ తెరచాపలూ వాళ్లే నేర్పిస్తారు. కాకపోతే దీనికి ఒక ఏడాది పెట్టుకోవాలి. డిసెంబర్‌లో వెళ్లాలనుకుంటే, ముందు ఏడాది అక్టోబర్‌లోనే మొదలుపెట్టండి.

1. ఈత వచ్చా? ముందు అది చూసుకోండి

మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా చెరువులోనో బావిలోనో నాలుగు బారలు వేసినంత వరకే. ఇక్కడ అది చాలదు. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా అనుకోకండి, బట్టలతో, బూట్లతో నీళ్లలో పడ్డప్పుడు కంగారు పడకుండా ఉండగలగాలి. దగ్గర్లోని పూల్‌లో చేరి, ఆగకుండా ఒక పావుగంట ఈదగలిగే దాకా వదలొద్దు.

ఆ తర్వాత ఒక చిన్న కోర్సు. ఆస్ట్రేలియాలో అయితే కొత్తవాళ్లకు క్రూ పని నేర్పే సెయిలింగ్ స్కూళ్లున్నాయి, ఇంగ్లండ్‌లో ఐదు రోజుల కాంపిటెంట్ క్రూ కోర్సు ఉంది. హైదరాబాద్‌లో ఉంటే హుస్సేన్‌సాగర్‌లోనే యాట్ క్లబ్ ఉంది, చెన్నైలో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. అక్కడ నేర్పేది చిన్న పడవల మీదే, అయినా చాలా పనికొస్తుంది: గాలి ఎటు నుంచి వస్తోందో చెంప మీద పసిగట్టడం చిన్న పడవలో వచ్చినంత త్వరగా పెద్ద పడవలో రాదు.

మనవాళ్లు చేయలేనిదేమీ కాదు ఇది. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో భూమిని చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చిన ఆరుగురు నేవీ అధికారిణుల్లో ఇద్దరు తెలుగువాళ్లు, విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య. అది రేసు కాదు కానీ, అందులో వాళ్లు దాటింది హోబార్ట్ దారి కంటే ఎన్నో రెట్లు భయంకరమైన సముద్రం.

2. క్లబ్బుకు వెళ్లండి, మళ్లీ వారం కూడా వెళ్లండి

ఈ రేసును నడిపేది రష్‌కట్టర్స్ బేలోని క్రూజింగ్ యాట్ క్లబ్ ఆఫ్ ఆస్ట్రేలియా. సిడ్నీలో ఇంకా చాలా క్లబ్బులున్నాయి, మీరు అక్కడే ఉంటే మీ ఇంటికి దగ్గరున్నది కూడా పనికొస్తుంది. అక్కడి వేసవిలో, అంటే అక్టోబర్ నుంచి మార్చి దాకా, వారం మధ్యలో సాయంత్రం పూట ట్విలైట్ రేసులు జరుగుతాయి. ఆఫీసు అయ్యాక వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ సాయంత్రాల్లో ఏదో ఒక పడవకు మనిషి తక్కువపడుతూనే ఉంటాడు. గంట ముందే వెళ్లి, రేస్ ఆఫీసులో పేరిచ్చి, డాక్ మీద నిలబడి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, అక్కడ అది మామూలే.

ఏం చెప్పాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "కొత్త, కోర్సు చేశాను, ఈ సీజన్ అంతా రాగలను, హోబార్ట్ వెళ్లాలని ఉంది." రానిది వచ్చని చెబితే మొదటి మలుపులోనే తెలిసిపోతుంది, పైగా అది ఇంకొకరి వేళ్ల మీదకు తెస్తుంది.

తెల్లటి అడుగు ఉన్న మెత్తటి బూట్లు వేసుకోండి, నల్ల అడుగు డెక్ మీద మరకలు చేస్తుంది. ఉంగరాలు తీసేయండి. రేసు అయ్యాక అందరూ బీరుకు వెళ్తుంటే మీరు ఉండి తెరచాపలు మడవండి, తాళ్లు చుట్టండి, డెక్ కడగండి. పైకి చిన్న పనిలా కనిపిస్తుంది గానీ స్కిప్పర్ (పడవ కెప్టెన్) కళ్లు చూసేది అక్కడే. నాలుగు రోజుల పాటు ఇరుకు గదిలో, తడిబట్టల్లో, నిద్ర లేకుండా ఎవరితో ఉండగలం అన్నదే ఆయన లెక్క.

వచ్చే వారం కుదరకపోతే ముందు రోజే ఫోన్ చేయండి. చెప్పకుండా మానేసినవాళ్లను మళ్లీ పిలవరు.

3. మొదట్లో మీ పని బరువు

కొన్నాళ్ల పాటు మిమ్మల్ని గాలి వచ్చే వైపు అంచున కూర్చోబెడతారు, కాళ్లు బయటికి వేలాడేసి. పడవ ఒరిగిపోకుండా మీ బరువు ఆపుతుంది. చిన్నబుచ్చుకోకండి, హోబార్ట్ రేసులో కూడా అందరూ గంటల తరబడి చేసే పని అదే. అక్కడ కూర్చుని చూస్తూ ఉంటే ముందు భాగంలో తెరచాపలు మార్చేవాడు, మాస్ట్ (తెరచాపలు కట్టే స్తంభం) దగ్గర తాళ్లు లాగేవాడు, మధ్యలో అన్ని తాళ్లనూ పట్టుకుని ఉండేవాడు, తెరచాపల బిగువు సరిచేసే ట్రిమ్మర్లు, చుక్కాని పట్టేవాడు, ఎవరి పని ఎవరిది అన్నది కొన్ని వారాల్లోనే తెలిసిపోతుంది.

తర్వాత వించ్ ఇస్తారు, అంటే తాడును చుట్టి బిగించే డ్రమ్. ఇక్కడ జాగ్రత్త. తాడును ఎప్పుడూ గడియారం తిరిగే దిక్కునే చుట్టాలి. మొదట రెండు చుట్లు, బరువు పెరిగే కొద్దీ మూడు, నాలుగు. తాడు పట్టుకున్న చేయి డ్రమ్‌కు దూరంగా ఉండాలి, బొటనవేలు తాడుకూ వించ్‌కూ మధ్యకు పోకూడదు. తాడు వదలాల్సి వచ్చినప్పుడు ఒక్కసారిగా వదిలేయకుండా రెండో అరచేతిని చుట్ల మీద ఆనించి, అంగుళం అంగుళం జారనివ్వాలి. ఆ తాడు మీద ఉండేది మీ ఒక్కరి బలంతో ఆగే బరువు కాదు. ఇంట్లో ఒక తాడు ముక్క పెట్టుకుని బోలైన్ అనే, బిగుసుకోని ఉచ్చు ముడి కళ్లు మూసుకుని వేయగలిగే దాకా సాధన చేయండి, ఎందుకంటే అవసరం వచ్చేది చీకట్లోనే.

4. సేఫ్టీ కోర్సు: దీన్ని చలికాలంలోనే (అక్కడ జూన్ నుంచి ఆగస్టు) పూర్తి చేయండి

మీకు పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, అది మొదటి నియమం. ఇక ప్రతి పడవలోనూ కనీసం సగం మంది సేఫ్టీ అండ్ సీ సర్వైవల్ కోర్సు చేసి ఉండాలి. ఫస్ట్ ఎయిడ్, రేడియో సర్టిఫికెట్లు ఉన్నవాళ్లూ ఉండి తీరాలి. అంటే ఇద్దరు కొత్తవాళ్లలో ఒకరిని ఎంచుకోవాల్సి వస్తే స్కిప్పర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే తీసుకుంటాడు. ఆ సగంలో నేను లేకపోయినా ఫర్వాలేదులే అనుకోకుండా చేసేయండి. నా మాట వింటే ఫస్ట్ ఎయిడ్ కూడా.

సర్టిఫికెట్ సంగతి అటుంచి, ఆ కోర్సులో పూల్ సెషన్ కోసమైనా వెళ్లాలి. పూర్తి వాన బట్టలు, లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలోకి దూకమంటారు. జాకెట్ ఉబ్బి గడ్డం కిందకు తన్నుకొస్తుంది, కాళ్ల మధ్య పట్టీ బిగించకపోతే ముఖం మీదకే ఎక్కేస్తుంది. తలకిందులైన లైఫ్ రాఫ్ట్‌ను (గాలితో ఉబ్బే ప్రాణరక్షక తెప్పను) తిప్పాలంటే గ్యాస్ సిలిండర్ ఉన్న వైపు అంచు మీద నిలబడి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలాలి. అది తిరిగి మీ మీదే పడుతుంది. వెల్లకిలా ఉండి, చేతులతో నెట్టుకుంటూ దాని కింది నుంచి బయటికి రావాలి. పూల్‌లో ఒకసారి చేసినవాళ్లకు ఆ చీకటీ ఆ ఊపిరాడనితనమూ ఎలా ఉంటాయో తెలుస్తుంది. అక్కడే ఇంకో మాట చెబుతారు: రాఫ్ట్‌లోకి పైకి ఎక్కాలే తప్ప కిందకు దిగకూడదు. పడవ నిజంగా మునిగే దాకా పడవలోనే ఉండాలని అర్థం.

5. రాత్రులు గడపండి

హార్బర్‌లో ఎంత తిరిగినా రాత్రి సముద్రం వేరు. ఆదివారాల వింటర్ సిరీస్ అయ్యాక జులైలో సిడ్నీ నుంచి గోల్డ్ కోస్ట్‌కు 384 నాటికల్ మైళ్ల రేసు ఉంటుంది. ఆ తర్వాత వసంతంలో ఫ్లిండర్స్ ఐలెట్, బర్డ్ ఐలండ్, క్యాబేజ్ ట్రీ ఐలండ్ లాంటి చిన్న రేసులు. వీటిలో కనీసం రెండింటికి వెళ్లందే హోబార్ట్‌కు అడగొద్దు. మీకు వాంతులు ఎంత తీవ్రంగా వస్తాయో, నిద్ర లేకుండా ఎలా ఉంటారో మీకూ తెలియాలి, వాళ్లకూ తెలియాలి.

చాలామందికి తట్టని దారి ఇంకొకటుంది. రేసు అయిపోయాక పడవను ఎవరో ఒకరు వెనక్కి తీసుకురావాలి కదా. రేసు చేసినవాళ్లు విమానంలో వెళ్లిపోతారు. గోల్డ్ కోస్ట్ నుంచి, హోబార్ట్ నుంచి పడవను తిరిగి తెచ్చే డెలివరీకి మనుషులు సులభంగా దొరకరు. అందులో పోటీ ఒత్తిడి ఉండదు, గాలి పడిపోతే ఇంజిన్ వేస్తారు, చుక్కాని మీ చేతికి గంటల తరబడి ఇస్తారు. ఒక్క డెలివరీలో నేర్చుకునేది పది ట్విలైట్ రేసుల్లో రాదు.

6. స్కిప్పర్ మిమ్మల్ని పరీక్షించినట్టే మీరూ ఆయన్ని పరీక్షించండి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. 1998లో 115 పడవలు బయల్దేరితే 44 మాత్రమే హోబార్ట్ చేరాయి. ఆరుగురు చనిపోయారు, ఐదు పడవలు మునిగాయి, 55 మందిని సముద్రంలోంచి కాపాడారు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికీ టాస్మానియాకూ మధ్య ఉన్న బాస్ జలసంధి లోతు సగటున అరవై మీటర్లే. తూర్పు తీరం వెంట దక్షిణానికి ప్రవహించే నీటికి ఎదురుగా దక్షిణం నుంచి గాలి విరుచుకుపడితే అలలు దగ్గర దగ్గరగా, గోడల్లా నిలువుగా లేస్తాయి. 2024లో మొదటి రాత్రే రెండు వేర్వేరు పడవల్లో ఇద్దరు చనిపోయారు: ఒకరికి బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డ దూలం) తగిలింది, ఇంకొకరిని మెయిన్‌షీట్ (ఆ తెరచాపను అదుపు చేసే) తాడు కొట్టి విసిరేసింది.

అందుకే అడగండి. మనిషి నీళ్లలో పడితే తిరిగి పైకి లాగే సాధన ఈ ఏడాది ఎప్పుడు చేశారు? తుపాను తెరచాపలను నిజంగా కట్టి చూశారా? ఇంతకుముందు హోబార్ట్ రేసు చేసినవాళ్లు ఎంతమంది, ఎన్నేసి సార్లు చేశారు? గతంలో వెనక్కి తిరిగొచ్చిన సందర్భం ఉందా, ఏం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారు? ఈ చివరి ప్రశ్నకు ప్రశాంతంగా జవాబు చెప్పే స్కిప్పర్‌తో వెళ్లండి. విసుక్కునేవాడి పడవ ఎంత కొత్తదైనా, ఎంత వేగంగా వెళ్లినా వద్దు. బాస్ జలసంధిలోకి వెళ్లే ముందు తీరంలోని గ్రీన్ కేప్ అనే చోటు దగ్గర ప్రతి పడవా రేడియోలో "పడవా మనుషులూ ముందుకు వెళ్లే స్థితిలోనే ఉన్నాం" అని చెప్పాలన్న నియమం 1998 తర్వాత వచ్చిందే. ఆ మాట నిజాయితీగా చెప్పే మనిషి కావాలి మీకు.

డిసెంబర్‌లో ఎవరో మానేశారని హఠాత్తుగా పిలుపు వస్తే ఎగిరి గంతేయకుండా, వాళ్లెందుకు మానేశారో ముందు కనుక్కోండి.

డబ్బు గురించి రెండు ముక్కలు. సొంత పడవల మీద రెగ్యులర్ క్రూ దగ్గర సాధారణంగా ఫీజు తీసుకోరు. తిండి ఖర్చులో వాటా, మీ బట్టలు, క్లబ్ సభ్యత్వం మీవి. సీటుకు డబ్బు తీసుకుని శిక్షణతో సహా తీసుకెళ్లే పడవలూ ఉన్నాయి, ఏడాది టైము లేనివాళ్లకు అదొక దారి. ప్రపంచాన్ని చుట్టే క్లిప్పర్ రేస్ పూర్తిగా ఆ పద్ధతిలోనే నడుస్తుంది, అనుభవం లేకపోయినా తీసుకుని నాలుగు దశల శిక్షణ ఇస్తారు, కానీ ఖర్చు భారీగా ఉంటుంది.

7. డిసెంబర్

సంక్రాంతికి ఇంటికి వెళ్లే టికెట్లు ఆగస్టులోనే బుక్ చేసే అలవాటు ఉంటే, ఈ ఏడాది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. నవంబర్‌లో "సారీ, ఇండియా వెళ్తున్నా" అంటే పడవకు పెద్ద ఇబ్బంది. శాకాహారులైతే అది కూడా అప్పుడే చెప్పండి, భోజనం అందరికీ కలిపి కొంటారు, ఎక్కువగా వేడినీళ్లు పోసుకునే ఎండు ప్యాకెట్లే.

బ్యాగు చిన్నది. కాటన్ వద్దు, తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. ఉన్ని లోదుస్తులు రెండు జతలు, మంచి వాన బట్టలు, టోపీ, గ్లవ్స్, ఎర్ర వెలుతురు ఇచ్చే హెడ్‌టార్చ్. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో అది ఎండాకాలమే అయినా టాస్మానియా దగ్గర రాత్రులు వణికిస్తాయి. పీఎల్‌బీ అనే చిన్న సిగ్నల్ పరికరం ఒంటి మీద ఉండాలి, జేబులో కాదు, బ్యాగులో అసలే కాదు.

వాంతుల మాత్ర ముందు రోజు రాత్రి నుంచే మొదలుపెట్టాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. బస్సు ప్రయాణాలకు మన ఇళ్లలో వాడే అవోమిన్ నిద్రమత్తు తెస్తుంది, డెక్ మీద అది ప్రమాదం. డాక్టర్‌ని అడిగి, చిన్న రేసుల్లోనే వాడి చూసుకోండి.

వాచ్‌లు, అంటే డెక్ మీద పని వంతులు, సాధారణంగా నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి, కొన్ని పడవల్లో మూడు మూడు. మీ వాచ్‌కు పది నిమిషాల ముందే బట్టలు వేసుకుని సిద్ధంగా ఉండండి, పైన చలిలో ఉన్నవాడికి ఆ పది నిమిషాలు చాలా ఎక్కువ. పైకి వచ్చేటప్పుడు మెట్ల మీదే ఆగి, చేయి బయటికి చాచి, టెదర్ (మిమ్మల్ని పడవకు కట్టి ఉంచే తాడు) కొక్కేన్ని డెక్ మీది పట్టీకి తగిలించి, లాగి చూసి, అప్పుడు బయటికి అడుగు పెట్టండి. దిగేటప్పుడు లోపలికి వచ్చాకే తీయండి. సముద్రం ప్రశాంతంగా ఉన్నా ఇంతే, మూత్రానికి వెళ్లినా ఇంతే.

8. హోబార్ట్ చేరాక

కొమాంచీ అనే పడవ 2017లో 1 రోజు 9 గంటల 15 నిమిషాల 24 సెకన్లలో చేరి రికార్డు పెట్టింది. మామూలు పడవలకు మూడు నుంచి ఐదు రోజులు. టాస్మన్ ఐలండ్ తిరిగి స్టార్మ్ బే దాటాక చివరి పదకొండు నాటికల్ మైళ్లు డర్వెంట్ నది. రాత్రి పూట అక్కడ గాలి చచ్చిపోతుంది, ఊరి దీపాలు కనిపిస్తూనే ఉంటాయి గానీ పడవ గంటల తరబడి కదలదు. చిరాకులు, గొడవలు వచ్చేది ఇక్కడే, ఓపిక పట్టండి.

డాక్‌లో కట్టేశాక ముందు పడవను ఖాళీ చేయండి, తడి తెరచాపలు ఆరబెట్టండి, లోపల తుడవండి. పండగ ఆ తర్వాత. సిడ్నీకి విమానం టికెట్ మాత్రం ముందే కొనకండి, లేదా మార్చుకోగలిగేది కొనండి. న్యూ ఇయర్ మర్నాడు పడవను వెనక్కి తీసుకెళ్లేవాళ్లలో ఒకరు తగ్గారని స్కిప్పర్ అడిగితే, సరేనని చెప్పడానికి మీకు వీలుండాలి.