మారా, సెరెంగెటి వెళ్తున్నారా? బండి దిగొద్దు

2025 జులైలో టాంజానియాలోని ఉత్తర సెరెంగెటిలో కొగాటెండే దగ్గర తీసిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. విల్డెబీస్ట్ అనే అడవి పశువుల మంద మారా నది దాటడానికి ఒడ్డుకొచ్చింది. అక్కడ వరసకట్టి సఫారీ బండ్లు. వాటిలో కూర్చోవాల్సిన జనం కిందికి దిగి, మంద వెళ్ళే దారికి అడ్డంగా నిలబడి ఫోన్లు పైకెత్తారు. గొడవ పెద్దదై టాంజానియా పార్కుల సంస్థ టానాపా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అదే నెల మొదటి వారంలో జాంబియాలోని సౌత్ లువాంగ్వా పార్కులో ఇద్దరు పెద్దవయసు మహిళలు చనిపోయారు. గైడ్లతో కలిసి కాలినడకన వెళ్తుంటే పిల్ల ఉన్న ఆడ ఏనుగు మీదికొచ్చింది. గైడ్లు తుపాకులు పేల్చినా ఆగలేదు. అది అనుమతి ఉన్న నడక, తుపాకీ పట్టిన మనుషులు పక్కనే ఉన్నారు. అయినా కాపాడలేకపోయారు. మరి ఏ తుపాకీ లేకుండా, ఫోటో కోసం దిగి నాలుగడుగులు వేసేవాళ్ళ సంగతి ఏమిటి?

జులై నుంచి అక్టోబర్ దాకా టాంజానియాలోని సెరెంగెటికీ కెన్యాలోని మసాయి మారాకీ మధ్య మంద నది దాటే రోజులు. హైదరాబాద్ నుంచి నైరోబీకి, అరూషాకి వెళ్ళేవాళ్ళు, అమెరికా నుంచి అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆ నెలల్లోనే టికెట్లు కొంటారు. టోపీ, బైనాక్యులర్, సన్‌స్క్రీన్ గురించి మీ టూర్‌వాళ్ళు ఎలాగూ చెప్తారు, అవి వదిలేద్దాం.

బయల్దేరే ముందు

ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. టీకా వేసుకున్న పది రోజులకి గాని కార్డు చెల్లదు, కాబట్టి చివరి వారంలో పరిగెత్తి లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది, కార్డు మాత్రం పారేసుకోకండి.

మలేరియా మాత్రలు. అక్కడిది ఎక్కువగా ఫాల్సిపారమ్ రకం, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. ఏ మాత్ర అన్నది డాక్టర్ చెప్పాలి. కానీ తిరిగొచ్చాక కూడా కోర్సు పూర్తి చేయాలన్నది మీరు గుర్తుపెట్టుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఇంకో ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే ఇంకో నాలుగు వారాలు. ఇంటికొచ్చిన నెలకో రెండు నెలలకో జ్వరం వస్తే డాక్టర్‌తో మొదటి మాటగా "ఆఫ్రికా వెళ్ళొచ్చాను" అనండి.

కవర్లు. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. ఆవకాయ, కారప్పొడి, జంతికలు పాలిథిన్ కవర్లలో చుట్టి పెట్టే అలవాటు మనది. అన్నీ స్టీలు డబ్బాల్లోకి, గుడ్డ సంచుల్లోకి మార్చండి. కెన్యా పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ళ సీసాలు కూడా తీసుకెళ్ళకూడదు.

ఇన్సూరెన్స్ పత్రంలో ఒక్క ముక్క వెతకండి: అడవిలోంచి విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తారా లేదా. లేకపోతే రోగుల్ని విమానంలో తరలించే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ వాళ్ళ పర్యాటక కవర్ విడిగా తీసుకోవచ్చు.

బండి ఎందుకు దిగకూడదు

పార్కుల్లోని సింహాలకి, ఏనుగులకి సఫారీ బండి పుట్టినప్పటి నుంచీ తెలుసు. డీజిల్ వాసన వేసే ఒక పెద్ద ఆకారం, వెంటపడదు, తినడానికి పనికిరాదు. లోపలున్న ఆరుగురూ ఆ ఆకారంలో కలిసిపోయి ఉంటారు. సింహం పది అడుగుల దూరంలో పడుకుని మీవైపు చూడనైనా చూడకపోవడానికి కారణం ఇదే. అది మచ్చికైందని కాదు.

మీరు తలుపు తీసి కాలు కింద పెట్టగానే ఆ ఆకారం చీలిపోతుంది. రెండు కాళ్ళ మనిషి విడిగా కనిపిస్తాడు. మనిషి అంటే జంతువుకి రెండే అర్థాలు: పారిపోవాల్సినవాడు, లేదా పడగొట్టాల్సినవాడు. ఏ అర్థం తీసుకుంటుందో దానికి ఆ రోజు ఆకలి ఎంతుందో, పక్కన పిల్లలున్నాయో లేదో బట్టి ఉంటుంది. మీకు తెలిసే దారి లేదు.

టాప్ మీదికెక్కి కూర్చోవడం, కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగడం కూడా దిగడంతో సమానమే. పైకి లేచే టాప్ కింద నిలబడొచ్చు, దానిపైకి ఎక్కకూడదు. పిల్లల్ని సీటు మీద నిలబెట్టి భుజాలు బయటికి వచ్చేలా ఎత్తకూడదు.

నది దగ్గర జరిగే నష్టం వేరు. మంద ఒడ్డు చివర గంటల తరబడి తటపటాయిస్తుంది. ముందున్న నాలుగు దిగితే మిగతావి తోసుకొస్తాయి. దిగడానికి వాలుగా ఉండే చోట్లు కొన్నే. అక్కడ మనుషులు కనిపిస్తే మంద వెనక్కి తిరుగుతుంది, లేదా నిట్టనిలువు ఒడ్డు మీంచి దూకుతుంది. కాళ్ళు విరుగుతాయి, దూడలు తల్లుల నుంచి తప్పిపోతాయి, తర్వాత మొసళ్ళ వంతు. మీరు చూడ్డానికి వచ్చిన దాన్ని మీరే చెడగొట్టినట్టు.

జనం నిజంగా దిగేది ఎప్పుడు

అందరూ సెల్ఫీ కోసమే దిగరు. చాలామంది మూత్రానికి దిగుతారు. ఉదయం ఆరింటికి బయల్దేరిన బండి నాలుగైదు గంటలు తిరుగుతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు, చంటిపిల్లల తల్లులు మొహమాటంతో ఆపుకుని ఆపుకుని, చివరికి ఏ పొద చాటుకో వెళ్తామంటారు. ఆ పొద నీడలోనే ఎండవేళ సింహమో చిరుతో పడుకునేది.

ముందురోజు రాత్రే డ్రైవర్‌ని అడగండి: దారిలో టాయిలెట్ ఎక్కడెక్కడ ఉంది? గేట్ల దగ్గర, పిక్నిక్ స్థలాల దగ్గర ఉంటాయి. సెరెంగెటిలో నాబీ హిల్ గేటు, సెరొనెరా. కనిపించిన ప్రతిచోటా అవసరం లేకపోయినా వెళ్ళి రండి. తప్పనిసరైతే గడ్డి పొట్టిగా ఉన్న మైదానంలో, డ్రైవర్ బండి చుట్టూ చూసి సరే అన్నాక, బండిని ఆనుకునే, ఒక్కొక్కరుగా. పొద దగ్గరికి మాత్రం వద్దు. సిగ్గుపడితే మిగతావాళ్ళు అటువైపు తిరుగుతారు, అంతే.

రెండో సందర్భం టైరు పంక్చర్, మూడోది బురద. మారా నేల చాలాచోట్ల మన నల్లరేగడి లాంటిదే, వానపడితే చక్రం జారిపోతుంది. డ్రైవర్ రేడియోలో ఇంకో బండిని పిలుస్తాడు, అది వచ్చి తాడేసి లాగుతుంది. గంట పడుతుంది. ఆ గంట లోపలే కూర్చోండి. తోస్తామని దిగకండి.

డ్రైవర్‌ని తొందరపెట్టడం

మసాయి మారాలో విదేశీ పెద్దవాళ్ళకి జులై నుంచి డిసెంబర్ దాకా ప్రవేశ రుసుమే రోజుకి 200 డాలర్లు. అంత పోశాక "ఇంకొంచెం దగ్గరికి పోనీ" అనడం, టిప్పు ఆశ చూపడం మామూలైపోయింది. డ్రైవర్ బతుకు ఆ టిప్పు మీదే నడుస్తుంది, కాదనలేడు. అతను దారి వదిలి గడ్డిలోకి దిగితే జరిమానా అతనికి, పోయే లైసెన్సు అతనిది.

2024 మార్చిలో జాంబియాలోని కఫూయే పార్కులో మగ ఏనుగు ఒక సఫారీ బండిని తరిమి బోర్లా పడేసింది. లోపలున్న ఒక పెద్దావిడ చనిపోయింది. నేల తీరు వల్ల బండి తప్పించుకునే దారి లేకపోయింది. అందుకే మంచి డ్రైవర్ ఏనుగు దగ్గర బండి ఆపేటప్పుడు, వెళ్ళిపోయే దారి వైపు ముక్కు పెట్టి ఆపుతాడు. ఫోటో కోణం బాగాలేదని బండి తిప్పించకండి.

ఏనుగు చెవులు విప్పి తల పైకెత్తిందంటే చాలు, మీరు మాట ఆపాలి. కణతల నుంచి మదజలం కారుతూ, వెనక కాళ్ళ మీద మూత్రం చుక్కలు పడుతున్న మగ ఏనుగైతే అసలు ఆగనే వద్దు. మదపుటేనుగు అన్న మాట మనకి ఊరికే రాలేదు.

ఇక వరసగా:

ఒంటరి ముసలి దున్నని చూసి "మన గేదెలాగే ఉంది" అనుకోవద్దు. మంద వదిలేసిన మగవే ఎక్కువ ప్రమాదం.

హిప్పోకీ నీటికీ మధ్య నిలబడొద్దు. చీకటి పడ్డాక అవి గడ్డి మేయడానికి గట్టెక్కుతాయి. కెన్యాలోని నైవాషా సరస్సు ఒడ్డున లాడ్జిల పచ్చికలోకి కూడా వస్తాయి.

చాలా క్యాంపులకి కంచె ఉండదు. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనాల చోటికి ఇరవై అడుగులైనా అస్కారీని, అంటే కాపలావాణ్ణి పిలిచే వెళ్ళాలి. టార్చి ఊపితే వస్తాడు.

గుడారంలో తినేది ఏదీ ఉంచొద్దు. అరటిపళ్ళు, లడ్డూలు, చిప్స్ ఏవీ. బబూన్ కోతులు జిప్పు తీయగలవు. పండు వాసనకి ఏనుగే వస్తుంది. రాత్రి చెప్పులు బయట వదిలితే హైనా ఎత్తుకుపోతుంది.

టాంజానియాలోని ఎన్గోరోన్గోరోలో పిక్నిక్ చోట ప్లేటు చేత్తో పట్టుకుని బయట తినొద్దు. గద్దలు ముద్ద చేతిలో ఉండగానే తన్నుకుపోతాయి, గోళ్ళు గీరుకుంటాయి. బండిలోనే తినండి.

నీలం, నలుపు బట్టలు వద్దు. నిద్రజబ్బు తెచ్చే సెట్సీ ఈగల్ని పట్టే ఉచ్చులు ఆ రంగు గుడ్డలతోనే కడతారు. పల్చటి చొక్కా మీంచి కూడా కుడతాయి. కుట్టినచోట పుండై జ్వరం వస్తే డాక్టర్‌కి చెప్పండి.

మిలిటరీ మచ్చల బట్టలు వద్దు. జింబాబ్వేలో అవి వేసుకోవడం నేరం.

అనుమతి లేకుండా డ్రోన్ తేవద్దు.

చిన్న విమానంలో పార్కుకి వెళ్తుంటే సామాను మనిషికి మామూలుగా 15 కిలోలు, అదీ చేతిసంచితో కలిపి. చక్రాల గట్టి సూట్‌కేసు ఎక్కించరు. మెత్తటి సంచి తీసుకోండి.

బీపీ, షుగర్ మాత్రలు ఆ చేతిసంచిలోనే.

బెలూన్ సఫారీకి వెళ్తే, బెలూన్ కిందికి దిగేటప్పుడు కెమెరా లోపల పెట్టి, మోకాళ్ళు వంచి, పైలట్ చెప్పిన వైపు తిరిగి తాడు పట్టుకోండి. బుట్ట పక్కకి ఒరిగి ఈడ్చుకుపోవడం మామూలే.

బండి కదులుతుంటే కూర్చోండి. ఒక్క గుంతకి దవడ టాప్ అంచుకి కొట్టుకుంటుంది.

చిరుత కనిపించినా కేక పెట్టొద్దు. పిల్లాడు ఏడుస్తుంటే డ్రైవర్‌ని దూరం పోనివ్వమనండి.

ఫోన్ కింద పడిందా? మీరు దిగొద్దు. డ్రైవర్‌కి చెప్పండి, బండి జరిపి, చుట్టూ చూసి, తీయగలిగితే అతనే తీస్తాడు. సింహం పక్కనుంటే ఫోన్ అక్కడే వదిలేయండి.

పక్క బండివాళ్ళు దిగారా? వాళ్ళు దిగారని మీరు దిగొద్దు. మీ డ్రైవర్‌తో రేంజర్‌కి చెప్పించి, మీ బండి అక్కడి నుంచి కదిలించండి.