వేరే దేశంలో ఉంగరం కొంటుంటే సైజు ఇలా పట్టుకెళ్ళండి

మన దగ్గర 12 నంబరు ఉంగరం అమెరికా లెక్కలో 6. దుబాయ్ గోల్డ్ సూక్‌లో (బంగారం బజారులో) తమ్ముడి నిశ్చితార్థానికి అమ్మాయి ఉంగరం కొనేటప్పుడు ఈ నంబర్ల దగ్గరే తికమకపడ్డాం. అక్కరకొచ్చింది పర్సులో పెట్టుకెళ్ళిన కాగితం ముక్క.

అమ్మాయి ఆ ఉంగరం తొడగబోయే వేలికే పెట్టుకునే పాత ఉంగరం ఒకటి వాళ్ళమ్మగారిని అడిగి తీసుకోండి. సన్నటి కాగితం పట్టీని చుట్టి అందులో దూర్చి వదిలితే, లోపలి అంచుకు అతుక్కుంటుంది. కొస కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, విప్పి స్కేలుతో కొలవండి. మాకు 52 మిల్లీమీటర్లు వచ్చింది. షాపులో ఆ అంకె చెబితే చాలు, ఏ దేశం నంబరైనా వాళ్ళే చూసుకుంటారు.

వెడల్పాటి ఉంగరమైతే మాత్రం ఈ కొలత బిగుతవుతుంది, ఒక సైజు పెద్దది అడగండి. చుట్టూ రాళ్ళున్న మోడల్ జోలికి అసలు వెళ్ళకండి. దాన్ని ఇక్కడ సాగదీయడం కష్టం, మార్చుకోవడానికి మళ్ళీ విమానం ఎక్కలేం కదా!