ఇన్వర్టర్ బ్యాకప్ రావట్లేదా? బ్యాటరీ మార్చే ముందు ఇవి చూసుకోండి

ఎండాకాలం సాయంత్రం కరెంటు పోతుంది. నిరుడు నాలుగు గంటలు తిరిగిన ఫ్యాన్లు ఈసారి అరగంటకే ఆగిపోతాయి, ఇన్వర్టర్ కూత పెడుతుంది. షాపుకి ఫోన్ చేస్తే చూడకుండానే చెప్పేస్తారు: "బ్యాటరీ పోయిందండీ, మార్చేయాలి." నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ బోల్టు వదులైనా, నీళ్లు తగ్గినా, ఇన్వర్టర్ లోపలి చార్జర్ పని చేయకపోయినా ఇంట్లో మనకు కనిపించేది ఇదే. తప్పు వీటిలో లేదని తేలాకే కొత్త బ్యాటరీకి వేల రూపాయలు పెట్టాలి.

ఇక్కడ రాస్తున్నది మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 12 వోల్టుల, నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ గురించి. లిథియం బ్యాటరీకి ఈ లెక్కలు పనికిరావు, దాన్ని అసలు విప్పకండి.

కావాల్సినవి రెండే: ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక హైడ్రోమీటర్ (బ్యాటరీలోని యాసిడ్ నీళ్ల కంటే ఎన్ని రెట్లు బరువో చూపించే గాజు గొట్టం). రెండూ ఖరీదైనవి కావు. మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర వైరు వోల్టుల గుర్తున్న రంధ్రంలో ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అది 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్ట్ సర్క్యూటే. చేతి ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. చార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో దీపం, అగరొత్తి, సిగరెట్ ఏవీ ఉండకూడదు. పూజగది పక్కనే ఇన్వర్టర్ పెట్టుకున్నవాళ్లు ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలి. యాసిడ్ చర్మం మీద పడితే ధారగా నీళ్లు పోసి కడగండి. కంట్లో పడితే పావుగంట ఆపకుండా కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ముందు మూడు రీడింగులు

మొదటిది, విశ్రాంతిలో ఉన్నప్పటి వోల్టేజి. రాత్రంతా చార్జ్ పెట్టి, పొద్దున ప్లగ్ తీసేసి, ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపి, మూడు నాలుగు గంటలు వదిలేయండి. అప్పుడు 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. 10.5 దగ్గర ఆగిపోయిందంటే ఒక సెల్ డెడ్ అయిందనుకోవచ్చు, ఎందుకంటే లోపల ఉన్న 6 సెల్స్‌లో ఒక్కోటి 2 వోల్టుల పైచిలుకు ఇస్తుంది.

రెండోది, కరెంటు ఉండి చార్జ్ అవుతున్నప్పుడు. మూడోది, ప్లగ్ తీసేసి మూడు ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద తిరుగుతున్నప్పుడు. మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. మొదటిది ఒక్కటే చూసి "12.6 ఉంది, బ్యాటరీ బాగానే ఉంది" అనేవాళ్లు చాలామంది. వోల్టేజి ఎంతుందో చెప్పినంత మాత్రాన ఆ బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుందో తెలియదు.

సమస్య: కరెంటు ఉన్నా చార్జ్ ఎక్కడం లేదు

ప్లగ్ పెట్టిన కొన్ని నిమిషాల్లోనే రీడింగ్ పైకి కదలాలి. గంటలు గడిచేకొద్దీ 13.8 నుంచి 14.4 మధ్యకు చేరాలి. అసలు కదలకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. ఆ సాకెట్‌లో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. ఇన్వర్టర్ వెనక ఉన్న ఫ్యూజ్ పోయిందా, బటన్ బయటికి వచ్చిందా చూడండి. లో వోల్టేజి ఉన్న ఊళ్లలో ఇంకో కారణం ఉంటుంది. ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే కరెంటు సుమారు 180 వోల్టుల కిందికి పడగానే దాన్ని తీసుకోవడం మానేసి బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. వెనక స్విచ్‌ని మామూలు ఇన్వర్టర్ మోడ్‌కి మార్చి చూడండి.

బ్యాటరీ మరీ అడుగంటితే కొన్ని ఇన్వర్టర్లు దాన్ని గుర్తించవు కూడా. అప్పుడు షాపులో బయటి చార్జర్ మీద పెట్టించాలి. ఇవేవీ కాకపోతే ఇన్వర్టర్ లోపలి బోర్డు పోయినట్టే, అది మెకానిక్ పని. మూత మీరు విప్పొద్దు.

సమస్య: లోడ్ పడగానే కట్ అవుతుంది, లైట్లు మినుకుమంటాయి

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, తేలిగ్గా బాగయ్యేదీ ఇదే. టెర్మినల్స్ దగ్గర చూడండి. తెల్లగానో, పచ్చగానో చిలుము పట్టి ఉంటుంది. పైకి బోల్టు గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల సీసానికీ వైరు చివరి లోహానికీ మధ్య పొర అడ్డం పడుతుంది.

మల్టీమీటర్‌తో ఇలా పట్టుకోవచ్చు. ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద తిరుగుతుండగా ఒక ముల్లు బ్యాటరీ సీసం పోస్టు మీద, రెండోది అదే పోస్టుకి బిగించిన వైరు చివర మీద ఆనించండి. ప్లస్, మైనస్ మధ్య కాదు, ఒకే పోస్టు దగ్గర. రీడింగ్ దాదాపు సున్నా రావాలి. 0.1 దాటితే అనుమానించాలి. 0.5 వచ్చిందనుకోండి, ఇంట్లో లోడ్ 30 ఆంపియర్లు లాగుతుంటే ఆ ఒక్క అతుకు దగ్గరే 15 వాట్లు వేడిగా పోతోందన్నమాట. చెయ్యి దగ్గర పెడితే సెగ తెలుస్తుంది, కొన్నిసార్లు వైరు తొడుగు కరిగి కూడా ఉంటుంది. ఇన్వర్టర్‌కి మాత్రం బ్యాటరీ దిగిపోయినట్టే అనిపించి కట్ అయిపోతుంది.

బాగు చేయడం: ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసి, ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు విప్పండి. నీళ్లు పోసే మూతలన్నీ బిగించి ఉన్నాయో లేదో చూసుకుని, వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్టుల మీద పోయండి. బుసబుసా పొంగుతుంది. ఆ నీళ్లు సెల్స్‌లోకి వెళ్లకూడదు, అందుకే మూతల గురించి చెప్పింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో మెరిసేదాకా గీకండి. ఎర్రది ముందు, నల్లది చివర బిగించి, ఆ తర్వాత పైన పలచగా వాజలీన్ రాయండి. బిగించకముందే రాస్తే అదీ అడ్డుపొరే అవుతుంది.

సమస్య: గంటలోనే ఫుల్ చూపిస్తుంది, అరగంటలో దిగిపోతుంది

ఇది మాత్రం బ్యాటరీలోనే ఉన్న జబ్బు. ఫ్యాన్లు వేయగానే 12.6 నుంచి 12.2కి దిగి అక్కడ నిలబడితే ఫర్వాలేదు. నిమిషం తిరక్కుండా 11కి జారితే హైడ్రోమీటర్ తీయాల్సిందే.

ముందు నీళ్ల మట్టం చూసుకోండి. నీళ్లు ఈమధ్యే పోసి ఉంటే ఒకసారి పూర్తిగా చార్జ్ చేసి అప్పుడే చూడండి, లేకపోతే పైన తేలే నీళ్లు తప్పు లెక్క చూపిస్తాయి. ఒక్కో సెల్ మూతా తీసి, బల్బు నొక్కి, గొట్టం ముంచి వదలండి. లోపలి తేలుడు గాజుకి అంటుకోకుండా తేలాలి. కంటి మట్టానికి పట్టుకుని చదవండి. ట్యూబులర్ బ్యాటరీకి నిండు చార్జ్ మీద 1.240 దగ్గర రావాలి. ఈ లెక్క 27 డిగ్రీలకు. రెంటచింతల మే నెల వేడిలో లోపలి యాసిడ్ 42 డిగ్రీలు ఉంటే అదే బ్యాటరీ 1.230 చూపిస్తుంది, కంగారు పడకండి.

ఆరు అంకెలూ పక్కపక్కన రాయండి. 1.235, 1.240, 1.230, 1.235, 1.150, 1.235 అని వచ్చిందనుకోండి, అయిదో సెల్ పోయింది. మిగతా అయిదూ ఎంత బాగున్నా అది వాటిని లాగేస్తుంది. ఈ స్థితిలో బ్యాటరీ మార్చడమే దారి. ఆరూ ఒకేలా 1.180 దగ్గర ఉంటే అది వేరే సంగతి: చాలాకాలంగా చార్జ్ పూర్తిగా ఎక్కడం లేదు. ఒక రోజంతా లోడ్ లేకుండా చార్జ్ పెట్టి మళ్లీ చూడండి. పెరిగితే బతికినట్టే. పెరగకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయింది.

యాసిడ్ పోసి అంకె పెంచుకోవద్దు. హైడ్రోమీటర్ బాగా చూపిస్తుంది గానీ బ్యాకప్ పెరగదు, ప్లేట్లు ఇంకా త్వరగా పోతాయి. "యాసిడ్ మార్చి కొత్తదానిలా చేస్తాం" అనేవాళ్ల మాట నేనైతే నమ్మను.

సమస్య: నీళ్లు ఊరికే తగ్గిపోతున్నాయి, కుళ్లిన గుడ్ల వాసన

చార్జ్ అవుతుండగా మీటర్ చూడండి. 15 దాటితే ఇన్వర్టర్ అతిగా చార్జ్ చేస్తోంది. వెంటనే ప్లగ్ తీసి, కిటికీలు తెరిచి, మెకానిక్‌ని పిలవండి. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉంటే ఇక దాన్ని వాడొద్దు. వోల్టేజి సరిగానే ఉండి నీళ్లు తగ్గుతుంటే బ్యాటరీ ఎక్కడుందో చూడండి. ఎండ పడే బాల్కనీలో పెట్టినదాని ఆయుష్షు త్వరగా తగ్గిపోతుంది. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. ఆర్వో నీళ్లు మంచివే కదా అంటారు గానీ వాటిలోనూ లవణాలు మిగులుతాయి.

సమస్య: అన్నీ బాగానే ఉన్నాయి, బ్యాకప్ మాత్రం తక్కువ

అప్పుడు లోడ్ లెక్కేయండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ అంటే 12తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. పాత ఫ్యాన్లు మూడు 225 వాట్లు, 9 వాట్ల బల్బులు నాలుగు 36, మొత్తం 261. ఇన్వర్టర్ తినేదీ కలిపితే 325 దాకా అవుతుంది. కాగితం మీద అయిదున్నర గంటలు రావాలి. కానీ డబ్బా మీద రాసిన 150 అనేది 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. ఈ లోడ్ మీద కొత్త బ్యాటరీ కూడా నాలుగు గంటలిస్తే చాలు. ఆ లైన్ మీదికి ఫ్రిజ్ ఎప్పుడు వచ్చి చేరిందో ఇంట్లో అడిగి చూడండి. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లకు మారితే అదే బ్యాటరీ మీద బ్యాకప్ రెట్టింపు దాటుతుంది.

మార్చక తప్పదని తేలితే రాసుకున్న రీడింగులు, వారంటీ కార్డు తీసుకుని షాపుకి వెళ్లండి. వాళ్లు లోడ్ టెస్టర్ పెడితే ముందు ఫుల్ చార్జ్ చేశాకే పెట్టమనండి. దిగిపోయిన బ్యాటరీ ఎంత మంచిదైనా ఆ పరీక్షలో ఫెయిలే అవుతుంది. పాతదాన్ని తూకానికి కొని రోడ్డు పక్కన పగలగొట్టేవాళ్లకు ఇవ్వకుండా షాపుకే ఇచ్చి ధర తగ్గించుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కి పంపాల్సిన బాధ్యత తయారీదారులదే. కొత్తది బిగించేటప్పుడు ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం స్విచ్ ట్యూబులర్ మీద ఉందో లేదో చూసి, మొదటిసారి పూర్తిగా చార్జ్ అయ్యాకే లోడ్ వేయండి.