ఓబద్యా అనే పేరుకు అర్థం, మూలం తెలుసుకోవడం ఎలా?

చిత్తూరు, పలమనేరు ప్రాంతాల్లో బిడ్డకు ఓబద్యా అని పేరు పెట్టాలనుకునే క్రైస్తవ కుటుంబాలు దాని అర్థాన్ని పేర్ల జాబితాల్లో కాక బైబిలులోనే వెతకడం మంచిది. జాబితాలు ‘దేవుని సేవకుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది తప్పు కాదు గాని, ఆ పేరులోని ఆరాధన అందులో కనబడదు.

మొదట ఈ హెబ్రీ పేరును రెండుగా విడదీయాలి. చివరి ‘యా’ యెహోవా నామానికి పొట్టి రూపం. యెషయా, జెకర్యా పేర్లలోనూ, హల్లెలూయాలోనూ ఉన్నది అదే. మిగిలిన భాగానికి మూలం అయిన్, బేత్, దాలెత్ అనే మూడు హల్లులు. 119వ కీర్తనలో ఒక్కొక్క భాగానికి శీర్షికగా ఉన్నవి హెబ్రీ అక్షరాల పేర్లే కనుక తెలుగు బైబిలు చదివేవారికి ఇవి కొత్త కావు. గొంతు లోపలి నుంచి పలికే అయిన్‌కు తెలుగులో అక్షరం లేనందువల్ల దాని మీది ‘ఓ’ మాత్రమే మనకు మిగిలింది.

తరువాత ఆ ధాతువు ఎక్కడెక్కడ వచ్చిందో చూడాలి. బైబిలు మూలపదాలకు సంఖ్యలిచ్చి 1890లో వెలువడిన స్ట్రాంగ్ పదసూచికలో ధాతువు సంఖ్య 5647, పేరు సంఖ్య 5662. ఆదికాండము 2:15లో తోటను సేద్యం చేయడానికీ, నిర్గమకాండము 1:13లో ఐగుప్తీయులు ఇశ్రాయేలీయుల చేత చాకిరీ చేయించడానికీ, అదే గ్రంథం 3:12లో కొండ మీద దేవుణ్ణి సేవించడానికీ వాడిన ధాతువు ఇదొక్కటే. సుప్రభాత సేవ, తోమాల సేవ అనే మాటలు నిత్యం వినే తిరుపతివారికి పనికీ ఆరాధనకూ ఒకే మాట కావడం వింతగా తోచదు. హెబ్రీ పాఠంలోని అచ్చులను బట్టి ఈ పేరుకు ‘యెహోవాను సేవించేవాడు’ అనీ, లాటిన్ బైబిలులోని అబ్దియాస్ అనే రూపాన్ని బట్టి ‘యెహోవా దాసుడు’ అనీ అర్థం వస్తుంది. నా మటుకు మొదటిదే సరిగా తోస్తుంది. అరబ్బీ పేరైన అబ్దుల్లాలోని ‘అబ్ద్’ కూడా ఈ కుదురులోదే.

ధాతువు కలిసినంత మాత్రాన అర్థం కలిసిందనుకోకూడదు. దావీదు తాత ఓబేదు పేరులో దైవనామం లేదు. బబులోనులో దానియేలు స్నేహితుడైన అజర్యాకు పెట్టిన అబేద్నెగో అనే పేరులో ఉన్న దేవత వేరు. ఇక మన సీమలోని ఓబయ్య, ఓబులేసు అహోబిల నరసింహుని పేర్లు. ఓబద్యాతో వాటికి ఏ చుట్టరికమూ లేదు.

ఆ పేరు గలవారి కథలు కూడా చదవాలి. 21 వచనాల ఓబద్యా గ్రంథం పాత నిబంధనలో అతి చిన్నది. అయితే పేరుకు తగినవాడు అహాబు రాజు గృహనిర్వాహకుడైన ఓబద్యాయే; రాణి యెజెబెలు ప్రవక్తలను చంపిస్తున్నప్పుడు అతడు నూరుమందిని గుహకు యాభైమంది చొప్పున దాచి, అన్నపానాలిచ్చి పోషించాడు (1 రాజులు 18:4).

చివరగా వర్ణక్రమం. తమిళ బైబిలులో ఈ పేరు ఒబదియా. తమిళ లిపిలో ప-బలకూ, త-దలకూ ఒక్కొక్క అక్షరమే ఉన్నందున, సరిహద్దు ఊళ్లలో అక్కడి నుంచి తెలుగులోకి ఎక్కించేటప్పుడు ‘ఒపతియా’ అయ్యే ప్రమాదముంది. జననాన్ని 21 రోజుల్లోగా పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు కనుక, బాప్తిస్మపు పత్రంలోనూ జనన ధ్రువపత్రంలోనూ ఒకే రూపం ఉండేలా తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు.