వానలు ముదరకముందే: గుండెలో కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్ల ఇంట్లో చూసుకోవాల్సినవి

మా అమ్మకు మిట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) తీసేసి మెటల్ వాల్వ్ పెట్టారు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పక్కన పడుకుంటే గోడ గడియారంలా టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. మొదట్లో ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడది వినిపిస్తేనే నిద్ర.

రెండేళ్ల కిందట శ్రావణంలో అమ్మకు జ్వరం వచ్చింది. వీధిలో అందరికీ వస్తున్నదేలే అనుకున్నాం. దగ్గర్లోని క్లినిక్‌లో యాంటీబయాటిక్ ఇస్తే మూడు రోజుల్లో తగ్గింది, కోర్సు అయిపోగానే మళ్లీ వచ్చింది. గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "మందు వేసే ముందు బ్లడ్ కల్చర్ చేయించారా?" అంటే రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష. చేయించలేదు. మందు ముందే పడితే రక్తంలో క్రిమి ఉన్నా కల్చర్‌లో దొరక్కపోవచ్చట. చివరికి గొంతులోంచి గొట్టం దింపి ఎకో (గుండె స్కానింగ్) తీసి, వాల్వ్ బాగానే ఉందని చెప్పారు. ఆ వారం మేం పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

ఆపరేషన్ అయిపోయింది, ఇక బాగైపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. కానీ ఒంటికి ఆ వాల్వ్ ఎప్పటికీ పరాయిదే. మెటల్ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టొచ్చు, లేదా చుట్టూ కండలాంటి పొర మెల్లగా పెరిగి రెక్కలకు అడ్డం పడొచ్చు. పంది వాల్వ్‌లు, పశువుల గుండె మీది పొరతో చేసిన టిష్యూ వాల్వ్‌లు రసాయనాల్లో శుద్ధి చేసినవే అయినా, లోలోపల సాగే వాపు వల్ల కూడా వాటికి సున్నం పట్టి బిరుసెక్కుతాయి. మామూలుగా 10-15 ఏళ్లు వస్తాయి, చిన్న వయసులో పెట్టించుకుంటే ఇంకా ముందే పాడవుతాయి. ఇదంతా నొప్పి లేకుండా జరిగేది కాబట్టి ఒంట్లో బాగున్నా డాక్టరు చెప్పిన గడువుకు ఎకో తీయించుకోవాలి. క్రిముల సంగతి ఇంకా ప్రమాదం. అవి వాల్వ్ మీద ఒకసారి తిష్ఠ వేశాయంటే వారాల తరబడి సెలైన్‌లో మందులు ఎక్కించాలి, ఒక్కోసారి వాల్వే మళ్లీ మార్చాలి.

అందుకే వానల జ్వరాలు మొదలయ్యేలోపే పళ్లు చూపించుకోండి. పుచ్చుపళ్లు, చీము పట్టిన చిగుళ్ల నుంచి క్రిములు రక్తంలోకి దిగుతాయి. పన్ను పీకేముందు, చిగుళ్లు శుభ్రం చేసేముందు వాల్వ్ సంగతి చెప్పి తీరాలి. పెనిసిలిన్ పడనివాళ్లకు తప్ప, సాధారణంగా పెద్దవాళ్లకు అరగంట నుంచి గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఒకే మోతాదుగా ఇస్తారు. పన్ను కోసమని రక్తం పలుచన చేసే మాత్ర సొంతంగా ఆపొద్దు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు ఆ మాత్ర మానేస్తే వాల్వే గడ్డకట్టి బిగుసుకుపోవచ్చు.

ఐఎన్‌ఆర్ పరీక్ష (పలుచన మాత్రతో రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క) కూడా ఇప్పుడే చేయించండి. మెటల్ మిట్రల్ వాల్వ్‌కు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ వాల్వ్‌కు కొంచెం తక్కువ. మీ డాక్టరు రాసిందే మీ లెక్క. మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన వేలాడే నోటుపుస్తకంలో తేదీ, ఐఎన్‌ఆర్, ఆ రోజు అర మాత్రా ముప్పావా అన్నది అమ్మే రాస్తుంది. ఆషాఢంలో మునగాకు తినడం మనకు ఆనవాయితీ. మానక్కర్లేదు, కానీ ఏడాదంతా ముట్టకుండా ఒక్కసారిగా వారంపాటు మునగాకు, తోటకూర తింటే మాత్ర పనితనం తగ్గుతుంది. ఏ ఆకుకూరైనా వారానికి ఇంతని ఒకే తీరులో తినండి.

జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకేమీ సొంతంగా వేసుకోవద్దు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలతో రక్తస్రావం ఎక్కువవుతుంది, పిరుదుకో చేతికో వేసే జ్వరం సూదితో కండలో నెత్తురు గడ్డ కట్టొచ్చు. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు పలుచన మాత్ర ఎంత వేయాలన్నది గుండె డాక్టరే తేల్చాలి, మొదటిరోజే ఫోన్ చేయండి. ఇక మాకు తెలియక జరిగింది మీకు జరక్కుండా, జ్వరానికి ఏ డాక్టరు యాంటీబయాటిక్ రాసినా "వాల్వ్ ఉంది, ముందు బ్లడ్ కల్చర్ తీస్తారా" అని అడగండి. మొహమాటపడొద్దు. మెట్రోనిడజోల్ లాంటి మందులు ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచేస్తాయి కూడా, కోర్సు మధ్యలో పరీక్ష తప్పదు.

రుమాటిక్ జ్వరంతో (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి గుండె వాల్వ్‌లను దెబ్బతీసే జ్వరం) వాల్వ్ పోయినవాళ్లు పెనిసిలిన్ కోర్సును ఆపరేషన్ అయిందని మానేయొద్దు. సూదా, మాత్రలా అన్నది డాక్టరు చెబుతారు.

టిక్కు చప్పుడు మందగించినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి మొదటి మాటగా ఇదే చెప్పండి: మెటల్ వాల్వ్ ఉంది, రక్తం పలుచన మాత్ర వాడుతున్నారు, చివరి ఐఎన్‌ఆర్ ఇంత.